పుంగనూరు మిషను చెప్పిన అడ్రసు

మొన్న అంగళ్లు కాలేజీ నుంచి ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికొచ్చారు. చివరి ఏడాది ప్రాజెక్టుకు ఏదో సలహా కావాలట. మాటల మధ్యలో, "మీరు ఎక్కువ కాలం ఏ పని చేసినారు సార్?" అని అడిగారు. పాల కంపెనీ మిషన్లలో హోస్ట్ అడ్రసులు సరిచూసుకుంటూ ముప్పై ఏళ్లు గడిపానని చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి మర్యాదగానే, "అది సెట్టింగుల్లో ఒక్క లైనే గదా సార్?" అంది.

కాఫీ ఇచ్చి పంపించాను గానీ నాకు లోపల కోపంగానే ఉండింది. రాత్రి అన్నం దగ్గర మా ఆవిడతో అంటే, "ఆ పిల్ల అబద్ధం చెప్పిందా యేం?" అని నవ్వింది. అబద్ధం కాదు. ఒక్క లైనే. ఆ ఒక్క లైను వల్ల ఒక ఆడమనిషి ఉద్యోగం పోయింది. ఆ లైను రాసింది నేను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఆ సంగతి తెలుసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషను వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు.

పని ఏమిటంటే

మా పాల కంపెనీకి మదనపల్లెలో పెద్ద ఫ్యాక్టరీ, పుంగనూరులో, కుప్పంలో చిల్లింగ్ సెంటర్లు ఉండేవి. పల్లెల నుంచి వచ్చిన పాలను సెంటరులో పెద్ద స్టీలు ట్యాంకులో పోసి చల్లబరుస్తారు. మధ్యాహ్నం ట్యాంకరు వచ్చి మదనపల్లెకు తీసుకుపోతుంది. అంతవరకూ పాలు నాలుగు డిగ్రీల దగ్గర ఉండాలి. ఎనిమిది, తొమ్మిదికి పోయి అక్కడే నిలిచిందంటే ఆ పాలు ఇక దేనికీ పనికిరావు.

ట్యాంకుకు బయట గడియారం లాంటి బిళ్ల ఒకటి, దానిలో ముల్లు ఉంటాయి. ఆ ముల్లు చూపేదాన్నే సెంటరులోని కంప్యూటరూ చదువుకుంటుంది. మదనపల్లె కంప్యూటరు నిమిషానికోసారి ఆ రెండు ఊళ్ల కంప్యూటర్లనూ, తన పక్కనే ఉన్న ఫ్యాక్టరీ ట్యాంకునూ, "ఎంత చల్లగా ఉన్నావు?" అని అడిగి, మూడు జవాబులనూ మూడు వరుసల్లో స్క్రీను మీద వేస్తుంది. ఎక్కడో ఉన్న ప్రోగ్రామును పక్కనే ఉన్నట్టు పలకరించే ఈ పద్ధతిని పుస్తకాల్లో డిస్ట్రిబ్యూటెడ్ ఆబ్జెక్టులు అంటారు. నేను మాత్రం వాటిని ట్యాంకులనే పిలిచేవాణ్ణి.

ఇంతకూ పుంగనూరు ట్యాంకు ఎక్కడుందో మదనపల్లెకు ఎలా తెలుస్తుంది? పుంగనూరు మిషను ఆన్ చేయగానే ఒక చీటీ రాసి మదనపల్లెకు పంపుతుంది. "నా పేరు పుంగనూరు ట్యాంకు. నా అడ్రసు ఇది. నాతో పనుంటే ఇక్కడికి రండి." మదనపల్లె ఆ చీటీని దాచుకుని, ప్రతిసారీ దాన్ని చూసే పలకరిస్తుంది. ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. చీటీలో అడ్రసు రాసేది ఆ మిషనే, మనం కాదు. ఒకసారి రాసిన చీటీ, ఆ మిషనును ఆపి మళ్లీ లేపేదాకా మారదు.

నేను చేసిన మేలు

ఆ ఏడాది కంప్యూటర్లను కలిపే టెలిఫోను లైను తరచుగా తెగిపోయేది. లైను తెగితే పుంగనూరు సెంటరులో ఉన్న స్క్రీను కూడా బిగుసుకుపోయేది. ట్యాంకు పక్కనే ఉంది, కంప్యూటరు పక్కనే ఉంది, అయినా అది తన అడ్రసు కోసం బయటి లైను వైపు చూసి అక్కడే ఆగిపోయేది. సెంటరు వాళ్లు రోజూ ఫోను చేసి మొత్తుకునేవాళ్లు.

నేను మదనపల్లెలో కుర్చీ దిగకుండానే దానికి మందు వేశాను. పుంగనూరు మిషనులో అడ్రసులుండే ఫైలు తెరిచి, పుంగనూరు పేరుకు ఎదురుగా 127.0.0.1 అని రాశాను. ఆ నెంబరుకు ఏ మిషనులోనైనా ఒకటే అర్థం, నేనే అని. ఇక లైనుతో పని లేకుండా సెంటరు స్క్రీను తన ట్యాంకును తానే చూసుకుంది. కుప్పంలోనూ అదే రాశాను. రెండు సెంటర్ల వాళ్లూ మెచ్చుకున్నారు. మేనేజర్ వెంకటరమణప్ప గారు అందరి ముందూ, "మా శేఖరు ఉండాడప్పా, అమెరికా వాళ్లు యేం పనికొస్తారు!" అన్నారు. నేనూ కాస్త పొంగిపోయాను.

రెండు మిషన్లనూ ఆపి, మళ్లీ లేపి చూడలేదు. నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకనుకున్నాను. మెచ్చుకోళ్లు వస్తున్నప్పుడు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఆయుధ పూజ

పుంగనూరు సెంటరు చూసుకునేది రెడ్డెమ్మ. సొంతూరు సదుం. తల్లీ తండ్రీ కూలికి పోయేవాళ్లు. వాళ్లింట్లో నెల జీతానికి కుదిరిన మొదటి మనిషి ఆమె. ఉదయం పాలు పోయించుకోవడం, ముల్లు చూడటం, ట్యాంకరు వెళ్లాక ట్యాంకు కడగడం, అన్నీ ఆమె చేతి మీదే. ఆమె కడిగిన ట్యాంకులో మొహం చూసుకోవచ్చు.

ఆయుధ పూజ నాడు మా వైపు యంత్రమన్నదాన్ని వదలరు. ట్రాక్టరు, కుట్టుమిషను, పిండిమర, ఏదైనా సరే కడిగి, విభూతి పట్టెలు పెట్టి, నిమ్మకాయ కోయాల్సిందే. పుంగనూరులో ట్యాంకరు వెళ్లిపోయాక కంప్యూటరును పూర్తిగా ఆపి, గుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, హారతి అయ్యాక మళ్లీ ఆన్ చేశారు. కొన్ని నెలలుగా ఆగకుండా నడిచిన మిషను అది.

నాలుగు రోజులకు రెడ్డెమ్మ నాకు ఫోను చేసింది.

"సార్, పూజ అయినకాడ్నించి ఏందో తేడాగా ఉండాది. ఈడ ముల్లు మూడు సూపిస్తాండాది. మేనేజర్ సారేమో ఫోన్లో నాలుగుండాది గదమ్మా అంటాండారు."

"మూడుకీ నాలుక్కీ తేడా యేముందమ్మా?"

"ఈరోజు లేదు సార్. రేపు ఉంటే?"

"అమ్మవారికి కోపమొచ్చినట్టుండాది. ఇంకో నిమ్మకాయ కోయించు," అన్నాను.

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె "సరే సార్," అని పెట్టేసింది. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎప్పటి నుంచి తేడా వచ్చిందో ఆమె చెప్పింది. ఇంజనీరుకు అంతకంటే మంచి ఆధారం దొరకదు. దాన్ని నేను ఎగతాళి చేశాను.

ముల్లు తొమ్మిది మీద

ఆ తర్వాతి వారంలో ఒక ఉదయం పుంగనూరులో కరెంటు బాగా తగ్గిపోయింది. బల్బులు వెలుగుతున్నాయి గానీ చల్లబరిచే కంప్రెసరు లాగలేక ఆగిపోయింది. అలాంటప్పుడు పంపడానికి లారీ మీద పెట్టిన జనరేటరు ఒకటి మదనపల్లెలో ఉండేది. రెడ్డెమ్మ వెంకటరమణప్ప గారికి ఫోను చేసింది. నేను అదే గదిలో ఉన్నాను.

ఆయన స్క్రీను చూశారు. పుంగనూరు వరుసలో నాలుగు ఉంది. "నాలుగుండాది గదమ్మా. జనరేటరు యాల నీకు?" అన్నారు.

అరగంటకు మళ్లీ ఫోను. "సార్, ముల్లు ఏడు దాటింది. దండం పెడతా, జనరేటరు పంపండి." ఆయన నా వైపు తిరిగారు.

"ఏమప్పా శేఖరా, మిషను తప్పు సూపిస్తాదా?"

"సూపించదు సార్. లైను లేకుంటే ఏమీ రాదు. వచ్చిందంటే కరెక్టుగానే వస్తాది."

ఇంతకంటే ధీమాగా నేను నా జీవితంలో ఏదీ చెప్పలేదు. ఇంతకంటే తప్పూ చెప్పలేదు. మూడోసారి ఆమె తొమ్మిది అన్నప్పుడు ఆయన విసుక్కుని, "కండ్లద్దాలు పెట్టుకోమ్మా," అని ఫోను పెట్టేశారు.

మధ్యాహ్నం ట్యాంకరు వచ్చేసరికి పాలు పులిసిపోయాయి. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి పితికి తెచ్చిన పాలన్నీ కాలవలో పోశారు. సాయంత్రానికి కరెంటు సర్దుకుని కంప్రెసరు దానంతట అదే నడిచింది. మదనపల్లె నుంచి మెకానిక్కు వెళ్లేసరికి ముల్లు మళ్లీ కిందికి వచ్చేసింది.

మర్నాడు విచారణ జరిగింది. మదనపల్లె కంప్యూటరు దాచిన రికార్డు తీస్తే పుంగనూరు వరుసలో రోజంతా నాలుగే. చల్లగా ఉన్న పాలు ఎందుకు పులుస్తాయి? ట్యాంకు కడగకపోతేనే పులుస్తాయి. అలా తేల్చారు. సాఫ్ట్‌వేరులో ఏ లోపమూ లేదని నన్ను ఒక కాగితం రాసిమ్మన్నారు. పుంగనూరుకు వెళ్లకుండా, ఆ మిషను ముందు కూర్చోకుండా, పది నిమిషాల్లో రాసి సంతకం చేశాను. రెడ్డెమ్మను పనిలోంచి తీసేశారు.

కుప్పం

కొన్ని రోజులకు ప్రింటరు పని మీద కుప్పం వెళ్లాను. అక్కడి సెంటరులో మురుగేశు అనే ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. తమిళం, తెలుగు కలిపి మాట్లాడే మనిషి, నాకంటే పెద్దవాడు. టీ తాగుతూ పుంగనూరు సంగతి ఎత్తాడు.

"ఆయమ్మ ట్యాంకు కడగలేదంటే నేను నమ్మనప్పా. పూజ నాడు మిషను ఆపినారంట గదా, ఆడ్నించే ఆయమ్మకు కష్టాలు."

"మీరు ఆపలేదా?"

"పాలుండంగా మిషను ఆపితే సామి మెచ్చుకుంటాడా? మాకు ఆ పొద్దు ట్యాంకరు లేటు. నడస్తా ఉండంగానే బొట్టు పెట్టినాము."

టీ గ్లాసు కింద పెట్టేశాను. ఒకే లైను రెండు ఊళ్లలోనూ రాశాను. ఒక ఊళ్లో మిషను ఆపి లేపారు, ఇంకో ఊళ్లో లేపలేదు. లేపిన ఊళ్లోనే తేడా వచ్చింది. రెడ్డెమ్మ నాకు ఫోనులో చెప్పింది సరిగ్గా ఇదే.

మురుగేశును ట్యాంకు దగ్గర నిలబెట్టి ముల్లు చూడమన్నాను. మూడు అన్నాడు. వెంకటరమణప్ప గారికి ఫోను చేసి కుప్పం వరుస చదవమన్నాను. మూడే. అప్పుడు కుప్పం మిషనును ఆపి, మళ్లీ ఆన్ చేశాను.

"ఇప్పుడు చదవండి సార్."

"నాలుగు."

"మురుగేశన్నా, నీకెంత?"

"మూడే గదప్పా. కదల్లేదు."

"సార్, పుంగనూరు వరుస ఎంత? మన ఫ్యాక్టరీ వరుస ఎంత?"

"నాలుగు. నాలుగు. మూడు వరుసలూ నాలుగే ఉండాయి శేఖరా," అన్నారాయన.

జరిగింది ఇదీ. పుంగనూరు మిషను ఆపి లేపినప్పుడు కొత్త చీటీ రాసింది. నీ అడ్రసు ఏమిటని తన ఫైలును తానే అడిగితే, నేను రాసిపెట్టిన 127.0.0.1 కనిపించింది. దాన్నే చీటీలో వేసి పంపింది. మదనపల్లె మిషను ఆ చీటీ చదివింది. ఆ నెంబరుకు దాని భాషలోనూ నేనే అనే అర్థం. అందుకని పుంగనూరు వెళ్లకుండా తనలోనే వెతుక్కుంది. అక్కడ ఫ్యాక్టరీ ట్యాంకు ప్రోగ్రాము, అచ్చం అలాంటిదే, సిద్ధంగా ఉంది. ఎంత చల్లగా ఉన్నావంటే నాలుగు అంది. ఫోనులో యాడుండావంటే ఈడే ఉండా అనే మనిషి మాట పట్టుకుని, మన ఇంట్లోనే అతని కోసం వెతికినట్టయింది.

మదనపల్లె వచ్చి పాలు పోయిన రోజు రికార్డు మళ్లీ తీశాను. పుంగనూరు వరుస, ఫ్యాక్టరీ వరుస, ప్రతి నిమిషమూ అంకె అంకెకూ ఒకటే. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. విచారణ నాడు నేను ఒక వరుసే చూశాను.

కొత్తవాళ్లకు చెప్పేది ఇక్కడే చెప్పేస్తాను. బయటివాళ్లకు ఏ అడ్రసు ఇవ్వాలో మిషనును ఊహించుకోనివ్వకండి. మీరే స్పష్టంగా రాయండి. లోపలి పనికి ఒక పేరు, బయటికి ఇంకో పేరు పెట్టండి. రాశాక ఆపి, లేపి, పక్క ఊరికి పోయి అక్కడి నుంచి పలకరించి చూడండి. సర్వరు ముందు కూర్చుని అంతా బాగుందని చెప్పే ఇంజనీరును నేను నమ్మను. ఆ ఇంజనీరును నేనే కాబట్టి గట్టిగా చెప్పగలను.

రెండు ఊళ్లకూ వెళ్లి అడ్రసులు సరిచేశాను. అది ఒక పూట పని. మిగిలిన పని సదుంలో ఉంది.

సదుం

వెంకటరమణప్ప గారు చెడ్డమనిషి కాదు. తప్పు తెలిశాక రెండు రోజులు సరిగ్గా భోజనం చేయలేదు. కానీ కంపెనీ తప్పు కాగితం మీద ఒప్పుకోవడమంటే ఆయనకు ప్రాణం పోయినంత పని. అందుకని, ట్యాంకు శుభ్రత విషయంలో జరిగిన పొరపాటును మన్నించి, దయతో రెడ్డెమ్మను మళ్లీ పనిలోకి తీసుకుంటున్నామని ఒక లెటరు టైపు చేయించారు. నేనే తీసుకుపోతానన్నాను.

సదుంలో బస్సు దిగి వాళ్లిల్లు అడిగితే టమోటా కోతకు పోయారన్నారు. పొలం గట్టు మీద నడిచి వెళ్లాను. తల్లీ కూతురూ పక్కపక్క సాళ్లలో వంగి కాయలు కోస్తున్నారు. రెడ్డెమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. నన్ను చూసి లేచి చేతులు తుడుచుకుంది.

లెటరు రెండుసార్లు చదివి నా చేతికే ఇచ్చేసింది.

"మన్నించేదానికి నేనేం తప్పు జేసినా సార్?"

"ఊరికే రాసే మాటలే అమ్మా అవి. పనిలోకి వచ్చేయి, చాలు."

"ఊరికే మాటలయితే తీసేయండి సార్. ట్యాంకు కడగని మనిషని తీసేసినారని పల్లెలన్నిట్లో తెలుసు. రేపు ఆడ కూర్చుంటే పాలు పోసే ఆడోళ్లు నా మొగం సూసి యేమనుకుంటారు? ఈయమ్మ వల్లే ఆ పొద్దు మా పాలు కాలవలో పోసినారు అనుకోరా?"

వాళ్లమ్మ కోత ఆపకుండానే అంది. "కూలిపని మాకు కొత్త గాదప్పా. నా బిడ్డను అబద్దాలకోరు అనేదే కొత్త."

నేను బస్సులో కొన్ని మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను. వాటిని వదిలేశాను. బోర్లించి ఉన్న టమోటా క్రేటు మీద కూర్చుని, లెటరు వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాను. ట్యాంకు శుభ్రంగానే ఉందని, పుంగనూరు మిషను అడ్రసును తప్పుగా రాసింది నేనని, ఆ పొరపాటు వల్ల మదనపల్లెలో తప్పు అంకె కనబడిందని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఆమె నిదానంగా చదివింది. నా మొహంలోకి చూసింది.

"బాగుండాది సార్. ఒకటి మర్సిపోయినారు."

"ఏంది?"

"పూజ అయినకాడ్నించి తేడా అని నేను మీకు ముందే జెప్పినా గదా. ఆ పొద్దు మూడుసార్లు ఫోను జేసినా గదా. అది యాల రాయలేదు?"

అది రాయకపోవడం మతిమరుపు కాదు. మిషను అడ్రసు తప్పు రాయడం ఎవరికైనా జరుగుతుంది, దాన్ని ఒప్పుకోవడం అంత కష్టం కాదు. మనిషి చెబుతుంటే నవ్వానని ఒప్పుకోవడం కష్టం. కాగితం తీసుకుని కింద ఇంకో రెండు వాక్యాలు రాశాను. ఆమె ముందే చెప్పింది. నేను వినలేదు.

వెంకటరమణప్ప గారు ఆ కాగితం చూసి, "నీ మెడకు నువ్వే తగిలించుకున్నావు గదరా," అన్నారు. చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, పాత లెటరు చించేసి, నేను రాసింది ఉన్నదున్నట్టు టైపు చేయించి సంతకం పెట్టారు. దాన్ని సెంటరులో పాలు పోసే చోట గోడకు అంటించాలని రెడ్డెమ్మ అడిగింది. అంటించారు. పైనుంచి నాకు పడాల్సిన అక్షింతలు పడ్డాయి. వాటి సంగతి ఇక్కడ వద్దు.

ఆమె పనిలోకి వచ్చిన మొదటి ఉదయం నేను మదనపల్లెలో స్క్రీను ముందు కూర్చుని ఉన్నాను. ఎదురుగా కొత్త నోటు పుస్తకం పెట్టుకున్నాను. పాలు ట్యాంకులో పడిన కాసేపటికి ఫోను మోగింది.

"సార్, రెడ్డెమ్మను. ముల్లు మూడు మీదుండాది."

తల వంచుకుని పుస్తకంలో మూడు అని రాశాను. రాశాకే స్క్రీను వైపు చూశాను. నేను రిటైరయ్యేదాకా ప్రతి ఉదయమూ ఆ వరసలోనే చేశాను.

"మీకాడ యేముండాది సార్?" అని అడిగింది.

"నువ్వు చెప్పిందే ఉండాది రెడ్డెమ్మా," అన్నాను.